బోర్డెక్కిన నీళ్ళ మేడమ్

“దింపించండి. ఇవాళే దింపించండి.”

“పొద్దున్నే మొదలెట్టకు. నలుగురూ వింటారు.”

“విననివ్వండి. నా మొహం నలుగురూ చూడొచ్చు గానీ, నా మాట నలుగురూ వినకూడదా?”

భర్త చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగాడు. రాత్రంతా ఇదే గొడవ. నిద్రలో కాస్త విరామం ఇచ్చి, తెల్లారగానే ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే అందుకున్నారు.

కోపం రాక చస్తుందా? నిన్న సాయంత్రం ఆమె బస్సు దిగి తలెత్తేసరికి, నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద బోర్డు మీద తన మొహమే తనకు ఎదురైంది. గడప నుంచి దూలం దాకా ఉండేంత మొహం. పక్కన బావగారి కొత్త ఫ్యాక్టరీ నీళ్ళ క్యాను. కింద ఎర్రటి అక్షరాలు: “ఏళ్ళ తరబడి ఊరి కుళాయి నీళ్ళు పరీక్షించిన మాజీ అధికారిణి మాట — మా ఇంట్లో మాత్రం ఈ నీళ్ళే!”

ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ ఫొటో ఎవరో బంధువుల ఇంట్లో తీసింది. చుట్టుపక్కల అందర్నీ కత్తిరించారు గానీ, అత్తగారి భుజం ఒక పక్క సగం మిగిలిపోయింది.

“నా భుజం ఎలాగూ వేశారు, మొహం కూడా వేస్తే వాళ్ళ సొమ్మేం పోయేదో,” అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

“అమ్మా, నువ్వూరుకో,” అన్నాడు భర్త. మళ్ళీ భార్యకేసి తిరిగాడు. “అసలు నీ బాధేమిటి? రోజూ ఇంటికొచ్చి ఆ ఉద్యోగాన్ని తిట్టిపోసింది నువ్వు కాదా? నీళ్ళు బాగున్ననాడు ఒక్కడూ ఫోన్ చెయ్యడు, కాస్త మట్టి రంగు కనిపిస్తే ఊరు ఊరంతా తిట్టడానికి లైన్లో ఉంటుంది అని ఏడ్చింది నువ్వు కాదా?”

“నేనే.”

“రాజీనామా రాసింది ఎవరు?”

“నేనే రాశాను. ఉద్యోగం మానేస్తానన్నాను. మీ అన్నయ్య ఫ్యాక్టరీలో ల్యాబు చూసుకుంటానన్నాను. ఊరి నీళ్ళు తాగొద్దని అన్నానా?”

“అదేదో పెద్ద తేడా అయినట్టు!”

తేడా ఉంది. అదేమిటో ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం ఆమెకు చేతకాలేదు. చేతకాని కోపం రెండింతలు మండుతుంది. బాక్సు సంచిలో పడేసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది.

“సాయంత్రం కాగితం తీసుకునే రా! అన్నయ్య ఇంటికొస్తానన్నాడు!” అని వెనక నుంచి భర్త అరిచాడు.

కాగితమంటే, ఉద్యోగం నుంచి వదిలిపెడుతున్నామని పెద్దసారు సంతకం చేసిచ్చే ఉత్తర్వు. ఇవాళ ఆ సంతకం పడితే ఆ ఉద్యోగానికి ఆమె నీళ్ళొదులుకున్నట్టే.

* * *

ఊరి నీళ్ళు శుద్ధి చేసే చోట ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు. అందరికీ నీళ్ళ మేడమే. మోటార్లు గుర్రుమంటుంటే, బ్లీచింగ్ వాసన ముక్కుకు పట్టేస్తుంటే, పటిక కలిపిన నీళ్ళలో బురద అడుక్కి దిగిందో లేదో చూడటం, ఇసుక పొరల్లోంచి వడకట్టిన నీళ్ళని సీసాలకెత్తి పరీక్షించడం ఆమె పని. ఇన్నాళ్ళూ అదే. ఆ వాసన చీరలకు పట్టిందని తోటికోడలు ఒకసారి అంటే, నెల్లాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. అంత ముక్కుమీద కోపం మనిషికి.

లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే పెద్దసారు ఎదురొచ్చాడు.

“స్కూలు పిల్లలొస్తున్నారు మేడమ్. మీరే చూపించాలి.”

“చివరి రోజు కూడా నేనేనా?”

“మోటార్ల దగ్గర నా గొంతు పక్కవాడికి కూడా వినపడదు. మీదైతే అవతలి గట్టు దాకా వినిపిస్తుంది.”

పొగడ్తో ఎత్తిపొడుపో తెలియలేదు. రెండూ అయ్యుంటుంది.

మధ్యాహ్నానికి పిల్లలు వచ్చారు. వచ్చారనడం కన్నా విరుచుకుపడ్డారనడం న్యాయం. ఒకడు ముక్కు మూసుకున్నాడు. ఒకడు తొట్టి కంచె ఎక్కబోతే వాళ్ళ మాస్టారు చొక్కా పట్టి దించాడు. అందరి చేతుల్లోనూ ఒక్కో నీళ్ళ బాటిల్ ఉంది. ఇంట్లో తాగే నీళ్ళు పట్టుకు రమ్మని మాస్టారు ముందే చెప్పాడట.

ఆమె మొక్కుబడిగా మొదలెట్టింది. నది నుంచి నీళ్ళు ఇలా వస్తాయి, ఇక్కడ పటిక, ఇక్కడ తేరడం, ఇక్కడ ఇసుక. తన గొంతు తనకే విసుగ్గా ఉంది. వెనక వరసలో పిల్లలు ఆమెను చూపించుకుంటూ గుసగుసలాడుతున్నారు. ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. ఓపిక పట్టింది. ఆమె ఓపిక ఎంతసేపని?

“ఏమిటా నవ్వులు? నా మొహంలో ఏమన్నా సినిమా ఆడుతోందా?”

అందరూ బిగుసుకుపోయారు. మాస్టారు కళ్ళెర్రజేశాడు. రెండు జడల అమ్మాయి ఒకతి మాత్రం ముందుకొచ్చింది. ఆ పిల్ల నవ్వడం లేదు.

“నాలుగు రోడ్ల దగ్గర బోర్డు మీదున్నది మీరే కదా మేడమ్?”

ఆ పిల్ల తొట్టి వైపు వేలు చూపించింది.

“ఇక్కడేమో నీళ్ళు ఇంత బాగా శుభ్రం చేస్తామంటున్నారు. బోర్డు మీదేమో మీ ఇంట్లో ఈ కుళాయి నీళ్ళు తాగరని ఉంది. అయితే మేం తాగకూడదా?”

“ఎవరన్నారు తాగకూడదని?”

“మీరే అన్నారు మేడమ్. బోర్డు మీద.”

“ఏయ్, పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?” అని మాస్టారు కసిరాడు.

“ఆ పిల్లనేమీ అనకండి!” అని ఆమె మాస్టారి మీద కస్సుమంది. పాపం, మధ్యలో ఆయనేం చేశాడు? ఒంటినిండా కోపం ఉన్నప్పుడు దగ్గరున్నవాడికే తగులుతుంది. “బాటిళ్ళు ఇటు తెండి. అందరివీ. ల్యాబులోకి నడవండి.”

* * *

ల్యాబులో బల్ల మీద గాజు గొట్టాలు వరసగా నిలబెట్టింది. ఒక్కో బాటిల్లోంచి కాసిని నీళ్ళు ఒక్కో గొట్టంలో పోయించింది. ప్రతి దాంట్లోనూ తెల్లటి పొడి చిటికెడు వేసి కదిపింది.

నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. ఒకదాంట్లో ముదురుగా, ఒకదాంట్లో లేతగా. పిల్లలు “హో” అని బల్ల మీద పడ్డారు. ఒక్క గొట్టంలో మాత్రం రంగు రాలేదు. పోసినవి పోసినట్టే ఉన్నాయి.

“అవి నావి! నావి!” అని కళ్ళజోడు కుర్రాడు గెంతాడు. “నావొక్కటే స్వచ్ఛం!”

క్లాసంతా చప్పట్లు. మాస్టారు కూడా ఒకటి రెండు కొట్టాడు.

“ఎక్కడివిరా ఇవి?” అంది ఆమె.

కుర్రాడు కాస్త నీళ్ళు నమిలాడు. “మా ఇంట్లోవి కుళాయివే మేడమ్. మంచి నీళ్ళు తెస్తే ఫస్టొస్తుందని, షాపులో క్యాను నీళ్ళు అడిగి పోయించుకున్నా.”

పొద్దున్నుంచి బిగబట్టిన మొహం ఆమెకు తెలియకుండానే సడలింది. పరీక్షకు నీళ్ళు కూడా కాపీ కొట్టినవాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు.

“ఒరే నాయనా, ఇది నీళ్ళకి అందాల పోటీ కాదు. ఈ గులాబీ రంగు మురికి కాదు, కాపలా. మేం ఇక్కడ నీళ్ళలో క్లోరిన్ కలుపుతాం. పైపుల్లో అంత దూరం పోతుంటే దారిలో ఏ క్రిమైనా దూరితే చంపడానికి అది నీళ్ళతోపాటే మీ ఇంటిదాకా వస్తుంది. రంగొచ్చిందంటే కాపలావాడు ఇంకా బతికే ఉన్నాడని. అర్థమైందా?”

“అయితే నావి చెడ్డ నీళ్ళా?” కుర్రాడి మొహం మాడిపోయింది.

“చెడ్డవని నేననలేదు. వాటిని వేరే పద్ధతిలో శుభ్రం చేస్తారు. పద్ధతిగా చేసి, మూత గట్టిగా వేస్తే బాగానే ఉంటాయి. కానీ మూత తీశాక, ఏదన్నా పడితే ఆపేవాడు లోపల ఎవడూ లేడు. అవి బాగున్నాయో లేదో ఈ పొడి చెప్పదు, దానికి వేరే పరీక్ష ఉంది. ఈ పొడి ఒక్కటే చెబుతుంది, కాపలా ఉందా లేదా అని.”

“దారిలో కాపలావాడు చచ్చిపోతే ఎలా తెలుస్తుంది మేడమ్?”

“మేం వీధి వీధికీ వెళ్ళి కుళాయిల దగ్గర చూస్తాం.”

“వానొచ్చినా?”

“వానొస్తేనే ఎక్కువ వెళ్ళాలి.”

“ఆదివారం?”

“ఆదివారం నీకు దాహం వెయ్యదా?”

పిల్లలు పగలబడి నవ్వారు. ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. చెబుతూ చెబుతూ ఆమె ఎప్పుడు బల్ల ఎక్కి కూర్చుందో ఆమెకే తెలియదు. ఈ పని గురించి తన నోట ఇంత మంచి మాట వచ్చి ఎన్నేళ్ళయిందో!

రెండు జడల అమ్మాయి మాత్రం నవ్వలేదు. తన గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తోంది. అందులో రంగు అందరికన్నా లేతగా ఉంది. అంటే ఆ నీళ్ళు పైపుల్లో అందరికన్నా ఎక్కువ దూరం పోయాయన్నమాట.

“మీ ఇల్లు గుట్ట మీదా?” అంది ఆమె.

“అవును మేడమ్. ఆఖరి వీధి. పోయిన వానల్లో మా వీధిలో అందరికీ వాంతులూ విరేచనాలూ అయ్యాయి. మీరొచ్చి కుళాయి నీళ్ళు ఆపించేశారు.”

ఆమెకు గుర్తొచ్చింది. ఆ వీధిలో ఏ కుళాయి పట్టినా రంగు రాలేదు. ఎక్కడో పైపు పగిలి మురిక్కాలువ నీళ్ళు కలుస్తున్నాయని పోరు పెట్టి, ఇంజనీరు ఒంటికాలి మీద లేచినా వినకుండా, రోడ్డంతా తవ్వించింది. నీళ్ళు ఆపినందుకు వీధి వీధంతా తిట్టింది. ఒకడైతే ఆమె కాళ్ళ ముందు బకెట్టు తన్నాడు. రాజీనామా ఆలోచన మొదట పుట్టింది ఆ రోజే.

“బకెట్టు తన్నింది మా నాన్నే మేడమ్,” అంది ఆ పిల్ల తల దించుకుని.

క్లాసు కిసుక్కుమంది. ఆమె నవ్వలేకపోయింది.

“తర్వాత చాలా బాధపడ్డాడు. అప్పట్నుంచి కుళాయి దగ్గర ఎవరు అనుమానంగా చూసినా మా నాన్నే చెబుతాడు, ‘అక్కడ ఒకావిడ ఉంది, రాక్షసి, తేడా వస్తే ఊరుకోదు, నిక్షేపంగా తాగండి’ అని.” ఆ పిల్ల ఒక్క క్షణం ఆగింది. “నిన్న బోర్డు చూసొచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. మా చెల్లికి నీళ్ళు కాచి ఇవ్వమని మాత్రం అమ్మతో అన్నాడు.”

 ఆమెకు ఒళ్ళు మండింది. బావగారి మీద, భర్త మీద, అన్నిటికన్నా ఎక్కువ తన మీద. ఎవరూ గుర్తించరని ఏడుస్తూ చేసిన పని, ఆ గుట్ట మీద ఒక ఇంట్లో ఇన్నాళ్ళూ నమ్మకంగా గుటక వేయించింది. ఆ సంగతి ఇవాళ తెలిసింది. తెలిసేసరికి ఆ నమ్మకం తన మొహంతోనే పోయింది.

“తాగండి,” అంది గట్టిగా. “మీ నాన్నకు చెప్పు. బోర్డు మీద మొహం నాది. మాట నాది కాదు.”

“మరి మాజీ అని రాశారు కదా మేడమ్? మాజీ అంటే రేపట్నుంచి మీరు ఉండరనే కదా?”

ఇంత సూటి ప్రశ్న ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా తనకు తాను వేసుకోలేదు. చేతిలో గొట్టం కింద పెట్టి, పిల్లల్ని మాస్టారికి అప్పజెప్పి, విసవిసా పెద్దసారు గదిలోకి నడిచింది.

“సంతకం పెట్టేశారా?”

“పెన్ను మూత తీశాను.”

“పెట్టెయ్యండి.”

“సంతకమా?”

“మూత! రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను.”

పెద్దసారు ఆమెను ఎగాదిగా చూశాడు. “నెల్లాళ్ళు బతిమాలితే వినలేదు. ఇవాళ ఏమైంది?”

“ఏమీ కాలేదు. పిల్లలు తిట్టారు.”

* * *

“పిల్లలు తిడితే ఉద్యోగంలో ఉండిపోతారా ఎవరైనా?” భర్త నెత్తి కొట్టుకున్నాడు. “పెద్దవాళ్ళు తిట్టారని మానేస్తానన్నావు, పిల్లలు తిట్టారని ఉంటానంటున్నావు. నీకు మతి గానీ పోయిందా?”

“ఇన్నాళ్ళూ పోయింది. ఇవాళ వచ్చింది.”

“అన్నయ్యకేం చెప్పను? నిన్ను నమ్ముకునే కదా నేనూ ఉన్న ఉద్యోగం వదిలేసి ఫ్యాక్టరీలో దిగింది!”

“నన్నడిగి దిగారా?”

“నువ్వు నన్నడిగి వెనక్కి తీసుకున్నావా?”

అత్తగారు ఇద్దరి మధ్యా వచ్చి నిలబడింది. “ఒరే, గొంతు తగ్గించు. అమ్మాయ్, నువ్వు కూడా. పెద్దవాడు వచ్చి ఇందాకట్నుంచీ అలా కూర్చుని ఉన్నాడు, ఇద్దరికీ సిగ్గు లేదూ?”

బావగారు నిజంగానే కూర్చుని ఉన్నారు. కిటికీ పక్క కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని. ఆమె గుమ్మంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆయన ఒక్క మాటా అనలేదు. గుమ్మం దగ్గర మొదలైన యుద్ధమంతా నాటకం చూసినట్టు చూశారు.

“బావగారూ,” అంది ఆమె, ఆయన వైపు తిరిగి. “మీరంటే నాకు గౌరవం. అందుకే మొహం మీదే చెబుతున్నాను. నేను రావడం లేదు. ఆ బోర్డు రేపు పొద్దుటికల్లా దిగాలి. లేకపోతే నిచ్చెన వేసుకుని నేనే ఎక్కుతాను.”

“చూశావా అన్నయ్యా, ఎలా మాట్లాడుతోందో!”

బావగారు చెయ్యెత్తి తమ్ముణ్ణి ఆపారు. మొహంలో కోపం లేదు. ఆమె ఎన్ని రకాలుగానో ఊహించుకుంటూ వచ్చింది, ఇది మాత్రం ఊహించలేదు.

“బోర్డుదేముందమ్మా, దింపించేస్తాను. నీ మనసు కష్టపెట్టి వ్యాపారం చేస్తానా? ఉద్యోగంలో ఉంటానంటే ఉండు. నిజం చెప్పాలంటే అదే మంచిది.”

“అంటే?”

“లైసెన్సు కోసం మన ఫ్యాక్టరీ నీళ్ళ శాంపిల్ మీ ల్యాబుకే కదా రావాలి? ఇవాళ మధ్యాహ్నం పంపించాను. నువ్వు వెళ్ళిపోయేలోగా రిపోర్టు వస్తుందో రాదోనని కంగారు పడ్డాను. ఇప్పుడిక ఆ కంగారు లేదు.” ఆయన చల్లగా నవ్వారు. “మన మనిషి లోపలే ఉంది.”

మధ్యాహ్నం తను గాజు గొట్టాల ముందు కూర్చుని, కాపలా గురించి పిల్లలకు గొంతు చించుకుని చెబుతుంటే, అదే భవనంలో అవతలి కిటికీ దగ్గర ఈ శాంపిల్ ఎవరో తీసుకున్నారన్నమాట. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇందాక భర్త మీద అరిచినప్పుడు ఉన్న కోపం దీని ముందు ఒక కోపమే కాదు.

“మన మనిషి కాబట్టే నేను ముట్టుకోను,” అంది. గొంతు పెంచలేదు. “బంధువుల శాంపిల్ మేం చెయ్యకూడదు. రేపు వెళ్ళగానే పెద్దసారుతో చెప్పి రాసిస్తాను. వేరేవాళ్ళు చేస్తారు.”

“చెయ్యనీ,” అన్నారు బావగారు. నవ్వు మాత్రం ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

“వద్దు,” అన్నాడు భర్త.

ఇంట్లో ఇప్పటిదాకా అన్నిటికన్నా పెద్ద గొంతు ఆయనదే. ఆ గొంతేనా ఇది అన్నట్టు వచ్చింది ఆ ఒక్క మాట. అత్తగారు కొడుకు మొహంకేసి చూసింది.

“ఏం వద్దు?” అంది ఆమె.

“వేరేవాళ్ళు వద్దు. నువ్వే చెయ్యి. ఈ ఒక్కసారికి.”

“ఎందుకు?”

“నోరు ముయ్‌రా!” అని బావగారు కుర్చీలోంచి లేచారు. ఇందాకట్నుంచి ఇంత రభస జరుగుతున్నా, ఆయన గొంతు పెరగడం ఇదే మొదలు.

భర్త అన్నగారి వంక చూడలేదు. భార్య వంకా చూడలేదు. నేలకేసి చూస్తూ అన్నాడు.

“వేరేవాళ్ళు చేస్తే ఫెయిలవుతుంది.”

ఆమె ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“నేను చేస్తే?”

“నువ్వు మన మనిషివి. పాసని రాస్తావు,” అన్నాడు ఆయన, నేలతోనే.